వేడి ఎక్కువై మెత్తబడిన స్టెయిన్‌లెస్ డమాస్కస్ కత్తులు: ఒక కేస్ స్టడీ

"విరగట్లేదండీ, పెచ్చు కూడా లేవట్లేదు. అంచు ఊరికే పడుకుండిపోతోంది," అన్నారు కత్తి తిరిగి తెచ్చినాయన. నేను చేసిచ్చి మూడు వారాలే అయింది. 210 మిల్లీమీటర్ల వంటకత్తి, స్టెయిన్‌లెస్ డమాస్కస్, అంటే రెండు రకాల స్టీలును పొరలుగా కలిపి గీతల నమూనా తేలేలా చేసింది. బ్లేడు మీద అలల గీతలు నిగనిగలాడుతూనే ఉన్నాయి. వాదరను వెలుతురుకు ఏటవాలుగా పట్టి చూస్తే మాత్రం మధ్యలో రెండు వేళ్ళ మేర సన్నటి తెల్లగీత మెరుస్తోంది. పదునున్న అంచు కంటికి కనబడదు. మెరిసిందంటే అక్కడ అంచు ఒక పక్కకు ఒరిగిపోయిందని లెక్క.

సానరాయి మీద పెట్టాను. రెండు పక్కలా లాగేసరికి బర్ (సానకు అంచున లేచే సన్నటి లోహపు పొర) లేచింది, లేవాల్సిందే. కానీ పోదే! ఈ పక్క లాగితే ఆ పక్కకు, ఆ పక్క లాగితే ఈ పక్కకు వాలుతుంది తప్ప తెగి రాలదు. సరిగ్గా గట్టిపడిన స్టీలులో బర్ నాలుగు తేలిక లాగుళ్ళకు పొడిగా విరిగిపోతుంది. ఇలా జిగురులా వేలాడుతోందంటే లోపల ఏదో తేడా ఉంది. ఆకురాయితో గీస్తే మాత్రం ఎప్పటిలాగే పట్టకుండా జారింది, అలా జారితే స్టీలు గట్టిపడిందని లెక్క. కత్తి ఇచ్చే ముందు కూడా నేను చేసిన పరీక్ష అదొక్కటే. చిన్న గుంట నొక్కి గట్టిదనాన్ని అంకెలో చెప్పే రాక్‌వెల్ మెషీన్ పక్కనే ఉన్నా, మొదటిసారి చేతికొచ్చిన ఖరీదైన మెటల్ మీద గుంట పెట్టడానికి మనసొప్పక వదిలేశాను. ఇందులో నా మొదటి తప్పు అదే.

పిడి ఊడదీసి, తోక భాగాన్ని రెండు వైపులా సమంగా రుద్ది మెషీన్ కింద పెట్టాను. 57. పక్కన ఇంకోచోట 56.5. మెషీనే తేడాగా ఉందేమోనని ముందు టెస్ట్ బ్లాక్ మీద చూశాను. 60 ఉండాల్సిన బ్లాక్ 60.1 చూపించింది. పైపొరలో కార్బన్ పోయి మెత్తగా ఉందేమోనని ఇంకో పదో వంతు మిల్లీమీటరు రుద్ది మళ్ళీ చూశాను. అదే 57. నేను అనుకున్నది 60 పైమాట. అదే స్టీలు పట్టీలోంచి, అదే రోజు, అదే ఫర్నేస్‌లో చేసినవి ఇంకో రెండు బ్లేడ్లు అమ్మకుండా ఉన్నాయి. వాటికీ 57.5, 56.5 వచ్చాయి. ఇక్కడినుంచి వంటకత్తిని మొదటి బ్లేడు, మిగతావాటిని రెండోది, మూడోది అంటాను.

పట్టీ సంగతి

ఇది రెండు స్టీళ్ళ పౌడర్లతో చేసిన పట్టీ. ఈ పద్ధతి 1990ల మధ్యలో స్వీడన్‌లోని సోడర్‌ఫోర్స్‌లో డమాస్టీల్ వాళ్ళు మార్కెట్లోకి తెచ్చారు. మామూలు డమాస్కస్‌లా రెండు రేకులను కొలిమిలో అతికించాలంటే స్టెయిన్‌లెస్ ఒప్పుకోదు. క్రోమియం ఆక్సైడ్ పొర వెంటనే అడ్డుపడుతుంది, దాన్ని కరిగించడం కొలిమిలో చల్లే మామూలు వెలిగారం వల్ల కాదు. పౌడర్లను పొరలుగా డబ్బాలో నింపి, గాలి తీసేసి, వేడిలో నలువైపులా ఒత్తిడి పెడితే ఆ బాధ లేదు.

ఇందులో ఒకటి ఆర్‌డబ్ల్యూఎల్34. సుమారుగా కార్బన్ 1.05 శాతం, క్రోమియం 14, మాలిబ్డినం 4, కొంచెం వెనేడియం. ఆ మూడక్షరాలు అమెరికన్ కత్తుల తయారీదారు రాబర్ట్ వాల్డార్ఫ్ లవ్‌లెస్ పేరులోవి. రెండోది పీఎంసీ27. కార్బన్ 0.6, క్రోమియం 13, మాలిబ్డినం లేదు. ఆసిడ్‌లో ముంచితే మొదటిది తెల్లగా మిగులుతుంది, రెండోది నల్లబడుతుంది. గీతలు కనబడేది అందుకే.

హీట్ ట్రీట్‌మెంట్, అంటే స్టీలును కాల్చి, చల్లార్చి గట్టిపరిచే పని, చేసేవాడికి ఇక్కడే ఒక సందేహం రావాలి. కార్బన్ 1.05 ఉన్నదాన్ని చూసి వేడి నిర్ణయించాలా, 0.6 ఉన్నదాన్ని చూసా? నిజానికి పట్టీ మన చేతికొచ్చేసరికి ఆ రెండు అంకెలూ కాగితం మీదే ఉంటాయి. కార్బన్ అణువు చిన్నది. ఎర్రగా కాలిన స్టీలులో సందుల్లోంచి దూరుకుంటూ పోతుంది. వెయ్యి దాటిన వేడిలో పావుగంటలో ఒకటి రెండు పదో వంతుల మిల్లీమీటర్లు ప్రయాణిస్తుంది. నా పట్టీలో ఒక్కో పొర వెంట్రుక మందానికి అటూఇటూ. కాబట్టి పొరలు అతుక్కునే దశలోనే, తరవాత పట్టీగా సాగదీసే దశలోనే కార్బన్ పక్క పొరలోకి సర్దుకుపోతుంది. అది కూడా సమానంగా కాదు. క్రోమియం, మాలిబ్డినం ఎక్కువున్న పొర దాన్ని కొంచెం ఎక్కువగా పట్టి ఉంచుతుంది. క్రోమియం, మాలిబ్డినం మాత్రం అదే పావుగంటలో మైక్రాన్ లెక్కలో కూడా సరిగ్గా కదలవు. అవి కదలవు కాబట్టే ఎన్నిసార్లు కాల్చినా నమూనా చెరగదు. అంటే బ్లేడు మొత్తం కార్బన్ విషయంలో దాదాపు ఒకే స్టీలు, తుప్పు విషయంలో మాత్రం రెండు స్టీళ్ళు. ఈ రెండో ముక్క ఎందుకు ముఖ్యమో తుప్పు పరీక్ష దగ్గర చెబుతాను.

రాక్‌వెల్ గుంట వ్యాసం అర మిల్లీమీటరు దాకా ఉంటుంది. అది ఒకేసారి చాలా పొరల మీద పడుతుంది, అందుకే మెషీన్ చూపించేది పొరల సగటు. ఏ పొర మెత్తబడిందో దాంతో తేలదు.

మొదటిసారి ఎలా చేశానంటే

పట్టీ మందం 3.2 మిల్లీమీటర్లు. బ్లేడు ఆకారం కోసి, వాదర దగ్గర 0.5 మిల్లీమీటరు వదిలి ఏటవాలు తీశాను. స్టెయిన్‌లెస్ ఫాయిల్‌లో పెట్టి, అంచులు రెండు మడతలు వేసి, రోలర్‌తో నొక్కాను. లోపల చిన్న కాగితం ముక్క పెట్టాను, అది కాలి లోపలున్న ఆక్సిజన్‌ను తినేస్తుంది. ఆ ఫాయిల్ అంచు బ్లేడు కంటే ప్రమాదం. కత్తుల పనిలో నా చేతికి పడ్డ గాట్లలో సగం కత్తులవి కావు.

850 డిగ్రీల సెల్సియస్ దగ్గర పది నిమిషాలు ఆపి, తరవాత 1065కి తీసుకెళ్ళి 15 నిమిషాలు ఉంచాను. ఇలాంటి స్టీలుకు 1050 నుంచి 1080 డిగ్రీల మధ్య అన్నది అందరూ చెప్పే లెక్క, నేను మధ్యలో పట్టుకున్నాను. తీసి, ఫాయిల్ విప్పకుండానే రెండు దళసరి అల్యూమినియం పలకల మధ్య పెట్టి బిగించాను. చల్లారాక 200 దగ్గర రెండేసి గంటలు, రెండుసార్లు టెంపర్, అంటే పెళుసుదనం తగ్గడానికి తక్కువ వేడిలో ఉంచడం.

ఏఈబీ-ఎల్ అనే ఇంకో స్టెయిన్‌లెస్ స్టీలు కత్తులకు నేను క్వెంచ్ (కాల్చినదాన్ని వేగంగా చల్లార్చడం) అయిన వెంటనే డ్రై ఐస్ వేసిన ఆల్కహాల్‌లో ముంచుతాను, మైనస్ 78 దాకా. ఆ రోజు డ్రై ఐస్ దొరకలేదు. పట్టీతో వచ్చిన కాగితంలో అది తప్పనిసరి అని లేదు. వదిలేశాను. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి, తరవాత కథంతా దీని చుట్టూనే తిరిగింది.

తప్పు మీద తప్పు

57 చూడగానే నాకు తట్టింది ఒక్కటే, వేడి చాలలేదని. కార్బన్ స్టీలుతో పని నేర్చుకున్నవాడికి ఇది ఒంటబట్టిపోయిన ఆలోచన. తక్కువ కాలిస్తే గట్టిపడదు, కాబట్టి గట్టిపడలేదంటే తక్కువ కాల్చాం. ఫాయిల్ కవరు వేడిని ఆపేసి ఉంటుంది, లోపల బ్లేడు 1065 చేరే ఉండదు అని ఒక కారణం కూడా కల్పించుకున్నాను. వినడానికి బాగానే ఉంది కదా.

మూడో బ్లేడును తీసుకుని నేరుగా 1085కి పెట్టాను. 20 నిమిషాలు. పలకల మధ్య చల్లార్చి, టెంపర్ చేసి చూస్తే 55.

పైకి వెళ్ళాల్సింది కిందకు దిగింది. పైగా బ్లేడు కొన దగ్గర మిల్లీమీటరున్నర వంగింది. ఒకటికి రెండుసార్లు రుద్ది చూశాను, టెన్షన్‌లో బ్లాక్ కూడా మళ్ళీ చూశాను. 55 అంటే 55. ఆ సాయంత్రం ఫర్నేస్ ఆపేసి కూర్చున్నాక గానీ బుర్ర రెండో వైపు తిరగలేదు. వేడి పెంచితే గట్టిదనం తగ్గిందంటే, నేను కొండ ఎక్కుతున్నాననుకుంటూ అవతలి వైపు దిగుతున్నాను.

స్టెయిన్‌లెస్ స్టీలులో గట్టిదనం వేడితో పాటు ఒక శిఖరం దాకా పెరిగి, అక్కణ్ణుంచి పడుతుంది. కారణం ఇది. చల్లగా ఉన్న స్టీలులో కార్బన్ ఎక్కువ భాగం క్రోమియంతో కలిసి కార్బైడ్ రేణువులుగా ఉంటుంది. కాల్చినకొద్దీ ఆ రేణువులు కరిగి కార్బన్, క్రోమియం రెండూ చుట్టూ ఉన్న ఆస్టెనైట్‌లోకి, అంటే ఎర్రగా కాలినప్పుడు స్టీలు ఉండే రూపంలోకి, వస్తాయి. చల్లార్చినప్పుడు ఆ ఆస్టెనైట్ మార్టెన్‌సైట్‌గా మారాలి. గట్టిగా ఉండేది అదే. కానీ ఎంత ఎక్కువ కరిగితే ఆ మార్పు అంత ఆలస్యంగా, అంత తక్కువ వేడి దగ్గర మొదలవుతుంది. మరీ ఎక్కువ కరిగితే, స్టీలు గది వేడికి వచ్చేసరికి కూడా మార్పు పూర్తికాదు. మారని ఆస్టెనైట్ అలాగే మిగిలిపోతుంది. రిటెయిన్డ్ ఆస్టెనైట్ అనేది దీన్నే. అది మెత్తన. వాదరలో అది ఎక్కువుంటే అంచు విరగదు, ఒరుగుతుంది. బర్ తెగదు, వేలాడుతుంది. కత్తి తెచ్చినాయన గుమ్మంలో నిలబడి చెప్పిన మాటలోనే జవాబుంది. నేను వినలేదు.

ఆకురాయి పరీక్ష ఎందుకు మోసం చేసిందో కూడా అప్పుడర్థమైంది. కరగని కార్బైడ్ రేణువులు, మధ్యలో ఉన్న మార్టెన్‌సైట్ కలిసి ఆకురాయిని జారనిస్తాయి. 57కీ 61కీ తేడా చెప్పేంత సున్నితం దానికి లేదు.

ముక్కలు చెప్పిన సంగతి

పట్టీ చివర మిగిలిన తునకను ఐదు ముక్కలు కోశాను. ఒక్కో ముక్క అగ్గిపెట్టెలో సగం ఉంటుంది. ఫర్నేస్ అంకె ప్రకారం 985, 1005, 1025, 1045, 1065 దగ్గర ఒక్కోదాన్ని 15 నిమిషాలు ఉంచి, పలకల మధ్య చల్లార్చి, టెంపర్ చేయకుండానే కొలిచాను. ఈసారి డ్రై ఐస్ ముందే తెచ్చి పెట్టుకున్నాను. కొలిచిన ప్రతి ముక్కనూ అరగంట లోపే ఆల్కహాల్‌లో ముంచి, గంట తరవాత తీసి, గది వేడికి వచ్చాక మళ్ళీ కొలిచాను.

985 ముక్క క్వెంచ్ తరవాత 61.5, చలి తరవాత 62. 1005 ముక్క 62 నుంచి 63కి. 1025 ముక్క 61.5 నుంచి 63.5కి. 1045 ముక్క 60 నుంచి 63కి. నా మొదటి కత్తుల వేడి, అంటే 1065 దగ్గర, 58 నుంచి 62.5కి ఎగిరింది.

ఇక్కడ చూడాల్సింది గట్టిదనం అంకె కాదు, ఎగిరిన ఎత్తు. అర పాయింటు, ఒకటి, రెండు, మూడు, నాలుగున్నర. వేడి తక్కువైన ముక్కను ఎంత చలిలో పెట్టినా గట్టిపడదు, ఎందుకంటే మారడానికి అక్కడ ఏమీ మిగల్లేదు. చలిలో పెట్టగానే నాలుగున్నర పాయింట్లు లేచిందంటే, మారాల్సిన ఆస్టెనైట్ అంత దాక్కుని ఉందన్నమాట. గట్టిదనం తగ్గింది తక్కువ కాల్చడం వల్లా, ఎక్కువ కాల్చడం వల్లా అన్నది తేల్చుకోవడానికి ఇంతకంటే చవకైన పరీక్ష నాకు తెలియదు. ఒక ముక్క, కాస్త డ్రై ఐస్ ఉంటే చాలు. మూసిన గదిలో మాత్రం చేయకండి. డ్రై ఐస్ వదిలే వాయువు నేల మీద పేరుకుని ఊపిరాడనివ్వదు, ఆల్కహాల్‌కి నిప్పుతో స్నేహం ఉండకూడదు, చేతికి దళసరి తొడుగు ఉండాలి.

మరి ఇప్పటికే టెంపర్ అయిపోయిన బ్లేడ్లను డ్రై ఐస్‌లో పెడితే బాగుపడతాయా? రెండో బ్లేడుతో ప్రయత్నించాను. గంటన్నర ఉంచాక అర పాయింటు పెరిగింది, అంతే. మిగిలిపోయిన ఆస్టెనైట్ గది వేడిలో రోజులు గడిచేకొద్దీ, టెంపర్ తగిలేకొద్దీ స్థిరపడిపోతుంది. ఆ తరవాత చలికి లొంగదు. చలి పెట్టాలంటే క్వెంచ్ అయిన గంటలోపే, టెంపర్‌కు ముందే.

ఉప్పు కరిగినప్పుడు

రిటెయిన్డ్ ఆస్టెనైట్ అని తేలింది, సరే. కానీ 1065 అన్నది సరైన హద్దుల్లోనే ఉందిగా? ఆ వేడికి కొంత మిగలడం మామూలే, చలి పెడితే ఒకటి రెండు పాయింట్లు పెరగడమూ మామూలే. నాలుగున్నర పెరగడం మాత్రం మామూలు కాదు. ముక్కల్లో శిఖరం కూడా ఫర్నేస్ అంకె ప్రకారం వెయ్యి దగ్గరే వచ్చింది, అది మరీ ముందు. అనుమానం ఫర్నేస్ మీదికి పోయింది.

చిన్న పింగాణీ గిన్నెలో చెంచాడు మామూలు ఉప్పు వేసి, బ్లేడు పెట్టే చోటే పెట్టాను. శుద్ధమైన ఉప్పు 801 డిగ్రీల దగ్గర కరుగుతుంది. ఫర్నేస్‌ను 750 దాకా తీసుకెళ్ళి, అక్కణ్ణుంచి ఐదైదు డిగ్రీల చొప్పున పెంచుతూ, ప్రతిసారీ పది నిమిషాలు ఆగి, తలుపు సందులోంచి చూస్తూ కూర్చున్నాను. ఉప్పు రేణువులు ఎర్రటి వెలుగులో ఇసుకలా ఉన్నాయి. అంకె 765 దగ్గర కూడా అలాగే ఉన్నాయి. 770 దగ్గర తలుపు సందు తీస్తే గిన్నెలో రేణువులు లేవు, అద్దంలాంటి నీరుంది. నా ఫర్నేస్ 770 అంటోంది, ఉప్పు 801 అంటోంది. ఈ ఇద్దరిలో ఉప్పు అబద్ధం చెప్పదు. వెంటనే గిన్నె తీసేశాను. ఉప్పు ఆవిరి ఫర్నేస్ కాయిల్స్‌కు మంచిది కాదు, దీన్ని రోజూ చేసే పరీక్షగా పెట్టుకోవద్దు.

తరవాత కొత్త థర్మోకపుల్ (ఫర్నేస్ లోపలి వేడిని కొలిచే తీగ) ఒకటి తెచ్చి, దాని కొన బ్లేడు ఉండే ఎత్తులో ఉండేలా పెట్టాను. ఫర్నేస్ 1065 చూపినప్పుడు అది 1104 చూపింది. అంటే మూడు బ్లేడ్లూ మొదటిసారే నిజానికి 1100 దాటిన వేడిలో నానాయి. "వేడి చాలలేదు" అని 1085కి పెంచిన మూడో బ్లేడు 1125 దాకా వెళ్ళింది.

39 డిగ్రీల తేడాలో రెండు కారణాలు కలిసి ఉన్నాయి. పాత థర్మోకపుల్ తీసి చూస్తే తీగ ఆకుపచ్చటి పొలుసుతో పెళుసుగా ఉంది. కె రకం థర్మోకపుల్‌లో ఒక తీగ నికెల్, క్రోమియం మిశ్రమం. గాలి సరిగ్గా ఆడని గొట్టంలో ఏళ్ళ తరబడి కాలితే ఆ క్రోమియం విడిగా ఆక్సీకరణ చెంది, తీగ ఇచ్చే ఓల్టేజీ తగ్గిపోతుంది. ఓల్టేజీ తగ్గితే కంట్రోలర్‌కు వేడి తక్కువున్నట్టు కనిపిస్తుంది. అది ఇంకా కాల్చమంటుంది. చెడిపోయే తీరే అలాంటిది, ఎప్పుడూ ఎక్కువ కాల్చే వైపే. కొత్తది అదే రంధ్రంలో బిగించాక కూడా బ్లేడు దగ్గరికీ దానికీ 9 డిగ్రీల తేడా మిగిలింది. అది దాని చోటు తప్పు. తలుపు దగ్గర, కింద ఉంటుంది, అక్కడ ఎప్పుడూ కొంచెం చల్లన. ఆ తొమ్మిదిని ఇప్పుడు చాక్‌పీసుతో ఫర్నేస్ తలుపు మీదే రాసి పెట్టుకున్నాను.

ఇంతకాలం ఇది బయటపడలేదేం? అదే ఫర్నేస్‌లో ఎన్నో ఏఈబీ-ఎల్ కత్తులు చేశాను, అన్నీ 60కి పైనే వచ్చాయి. నాకు మొదట అర్థం కాలేదు. పాత నోటు పుస్తకం తిరగేస్తే తేలింది. ఏఈబీ-ఎల్ ప్రతిదానికీ డ్రై ఐస్ పెట్టాను. ఎక్కువ కాల్చి మిగిల్చిన ఆస్టెనైట్‌ను ప్రతిసారీ ఆ చలి మారుస్తూ వచ్చింది, నా అంకె ప్రతిసారీ సరిగ్గా వచ్చింది. థర్మోకపుల్ నెమ్మదిగా చచ్చిపోతోంటే డ్రై ఐస్ దాన్ని కప్పిపుచ్చుతూ వచ్చింది. డ్రై ఐస్ దొరకని ఒక్క రోజున గుట్టు బయటపడింది. ఆ పాత కత్తుల్లో గ్రెయిన్ (ఎక్కువ కాలిస్తే ముతకబడే, స్టీలు లోపలి పలుకు) ఎలా ఉందో ఆలోచిస్తే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

అయితే వేడి తగ్గించేద్దామా?

ఇక్కడ చాలామంది, నాతో సహా, చేసే పని ఒకటుంది. ఎక్కువ కాలిస్తే ఆస్టెనైట్ మిగులుతుంది కాబట్టి బాగా తగ్గించి కాల్చేద్దాం, అంకె బాగానే వస్తుంది కదా అని. ముక్కల్లో తక్కువ వేడిది కూడా 61.5 వచ్చింది మరి.

కొత్త థర్మోకపుల్‌తో, నిజమైన వేడి ప్రకారం 985 దగ్గర ఒక ముక్క, 1060 దగ్గర ఒక ముక్క చేశాను. రెండింటినీ ఒకేలా సానబట్టి, ఒక శాతం ఉప్పు నీళ్ళలో తడిపిన కాగితంలో చుట్టి ఒక రోజు వదిలేశాను. మర్నాడు 1060 ముక్క శుభ్రంగా ఉంది, ఒక మూల చిన్న చుక్క తప్ప. 985 ముక్క మీద గోధుమరంగు చుక్కలు. అవి ఎక్కడబడితే అక్కడ లేవు. నమూనాలోని నల్లగీతల వెంట, పూసలు గుచ్చినట్టు వరసగా ఉన్నాయి. తెల్లగీతల మీద ఒక్కటీ లేదు.

నల్లగీతలు పీఎంసీ27. మాలిబ్డినం లేనిది. తుప్పును ఆపేది స్టీలులో మొత్తం ఎంత క్రోమియం ఉందన్నది కాదు, కార్బైడ్లలో చిక్కుకోకుండా బయట ఎంత ఉందన్నది. తక్కువ వేడిలో కార్బైడ్లు కరగవు, క్రోమియం వాటిలోనే బందీగా ఉండిపోతుంది. తెల్లపొరకు మాలిబ్డినం అండ ఉంది కాబట్టి తట్టుకుంది, నల్లపొరకు లేదు. కార్బన్ సర్దుకుపోయినా తుప్పు విషయంలో ఇది ఇంకా రెండు స్టీళ్ళే అన్నది ఇందుకే. వేడి ఎంచుకునేటప్పుడు బలహీనమైన పొరను చూసి ఎంచుకోవాలి. పై హద్దు ఆస్టెనైట్ చెబుతుంది, కింది హద్దు నల్లగీత చెబుతుంది. నా పట్టీకి నేను ఎంచుకున్నది బ్లేడు దగ్గర కొలిచిన 1060.

ఇదే లెక్కతో టెంపర్ కూడా 175, 225 మధ్యనే ఉంచుతాను. 500 దగ్గర టెంపర్ చేస్తే మిగిలిన ఆస్టెనైట్ పోయి గట్టిదనం మళ్ళీ లేస్తుందని కొందరు ఆ దారి పడతారు. లేవడం నిజమే. కానీ ఆ వేడిలో సన్నటి క్రోమియం కార్బైడ్లు మళ్ళీ పుట్టి, కష్టపడి కరిగించిన క్రోమియంను లాగేసుకుంటాయి. కత్తి స్టెయిన్‌లెస్ అన్న పేరుకే మిగులుతుంది.

మళ్ళీ చేసిన బ్లేడ్లు

మూడో బ్లేడును ముందే వదులుకున్నాను. టెంపర్ అయి గట్టిగా ఉన్నదాన్ని మధ్యలో మెత్తబరచకుండా రెండోసారి, అదీ 1125కి తీసుకెళ్ళాను. వైస్‌లో బిగించి విరిచి చూశాను. విరిగిన ముఖం పంచదార పలుకుల్లా మెరుస్తోంది. 1060 దగ్గర చేసిన ముక్కను విరిస్తే బూడిదరంగు మఖ్మల్‌లా, పలుకు కనబడకుండా ఉంది. పక్కపక్కన పెడితే భూతద్దం కూడా అక్కర్లేదు.

మిగతా రెండింటినీ మొదట 760 దగ్గర రెండు గంటలు ఉంచి, ఫర్నేస్‌లోనే నెమ్మదిగా చల్లారనిచ్చాను. గట్టిగా ఉన్నదాన్ని నేరుగా మళ్ళీ కాలిస్తే గ్రెయిన్ పెరగడానికి, వంకరపోవడానికి దారి ఇచ్చినట్టే. తరవాత కొత్త ఫాయిల్, 850 దగ్గర ఆపడం, 1060 దగ్గర 15 నిమిషాలు. ఫాయిల్ వల్ల బ్లేడు కొంచెం వెనకబడుతుంది, అందుకే ఆ 15 నిమిషాలను కొత్త థర్మోకపుల్ స్థిరపడ్డాక లెక్కపెట్టాను.

పలకల మధ్య పెట్టే పనిలో ఆలస్యం కూడదు. 600 కిందికి వేగంగా దిగకపోతే గ్రెయిన్ల అంచుల వెంట కార్బైడ్లు పేరుకుంటాయి. తలుపు తీయడం, పట్టుకారుతో లాగడం, పలకల మీద పెట్టి బిగించడం, అంతా నాలుగైదు సెకన్లలో అయిపోవాలి. అందుకే ముందు చల్లటి ఖాళీ ఫాయిల్‌తో రెండుసార్లు రిహార్సల్ చేస్తాను, నవ్వేవాళ్ళు నవ్వుకోనీ. బ్లేడు 200 దగ్గరికి దిగినప్పుడు పలకలు తీసి, తొడుగులతో పట్టుకుని వెన్ను మీంచి గురి చూశాను. ఆ వేడిలో అది ఇంకా చాలావరకు ఆస్టెనైటే, చేతితో వంచితే మాట వింటుంది. రెండో బ్లేడు కొన కొంచెం ఎడమకు పోయింది, మోకాలి మీద పెట్టి సరిచేశాను. ఒక్క నిమిషం ఆలస్యమైతే అదే పనికి బ్లేడు విరుగుతుంది.

ఫాయిల్ కత్తిరించి చూస్తే రెండో బ్లేడు లోపల లేత గడ్డిరంగులో ఉంది, గాలి చొరబడలేదని గుర్తు. మొదటి బ్లేడు ఫాయిల్ కొన దగ్గర చిరిగింది, అక్కడ అంగుళం మేర బూడిదరంగు పొలుసు కట్టింది. దాన్ని తరవాత రుద్దేయాల్సి వచ్చింది. రెండూ గది వేడికి రాగానే డ్రై ఐస్‌లోకి. తరవాత 200 దగ్గర రెండేసి గంటలు, రెండుసార్లు.

రెండో బ్లేడు 60.5 వచ్చింది. తిన్నగా ఉంది.

మొదటిదీ 60.5 వచ్చింది, కానీ దాని అంచు అప్పటికే 0.25 మిల్లీమీటర్ల పలచన. పూర్తయిన కత్తిని మళ్ళీ కొలిమి ఎక్కిస్తే ఏమవుతుందో అదే అయింది, వాదర అంతా అలలు తేలింది. చదునుగా వచ్చేదాకా రుద్దుతూ పోతే వెడల్పులో 3 మిల్లీమీటర్లు పోయింది. బ్లేడు పలచబడిన చోట ఏటవాలు మళ్ళీ తీయాల్సి వచ్చింది. పాత ఎచింగ్, అంటే ఆసిడ్‌తో తేల్చిన గీతలు, ఎలాగూ పోయింది, ఫెర్రిక్ క్లోరైడ్‌లో మళ్ళీ ముంచాను. గట్టిపడిన స్టీలు మీద గీతలు మొదటిసారి కంటే తేటగా వచ్చాయి. పొలుసు రుద్దిన కొన దగ్గర మాత్రం కొంచెం మసకగా ఉండిపోయింది.

సానరాయి మీద బర్ ఈసారి ఐదారు లాగుళ్ళకు రాలిపోయింది. కొత్త పిడి వేసి కత్తి ఆయనకు తిరిగి ఇచ్చాను, వెడల్పు ఎందుకు తగ్గిందో కూడా చెప్పాను. రెండు నెలల తరవాత ఫోన్ చేశారు. పదును గురించి కాదు. కొన దగ్గర గీతలు సరిగ్గా కనబడట్లేదు, ఇంకోసారి ఆసిడ్‌లో ముంచి ఇస్తారా అని అడిగారు.